ఎర్ర మాటు

కుంపటిలో బొగ్గు రాజుకునే లోపల ఉచ్చీరప్పకు దగ్గు రాజుకుంటుంది. ఏ రోజూ ఆ వరస తప్పలేదు. గొట్టంతో ఊదుతాడు, దగ్గుతాడు, మోకాళ్ల మధ్య తల పెట్టుకొని కాసేపు ఆగుతాడు, మళ్లీ ఊదుతాడు. ఆ రోజు పొద్దున కూడా గడప ముందర గొంతుకూర్చొని అదే పని చేస్తున్నాడు. యాభై దాటిన మనిషి. ఎముకలు, వాటి మీద చర్మం, అంతకంటే ఒంట్లో దాచుకున్నదేమీ లేదు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కాలి కాలి నల్లబడి, చెక్కముక్కల్లా గట్టిపడ్డాయి. నిప్పురవ్వ ఎగిరి ఆ వేళ్ల మీద పడినా అతనికి వెంటనే తెలియదు. వాసన వచ్చాక చూసుకుంటాడు.

కుంపటి అంటే పెద్దదేం కాదు. పాత నూనె డబ్బాను సగానికి కోసి, తీగతో పిడి కట్టుకున్నాడు. అందులో రెండు ఇనుప కడ్డీలు, ఒకటి సన్నది, ఒకటి మొన చదును చేసినది. భుజాన గోనెసంచి. దాని నిండా పగిలిన మగ్గులు, విరిగిన దువ్వెనలు, చీలిన బకెట్ల ముక్కలు. నీలం ఒక గుడ్డలో, పసుపు ఒక గుడ్డలో, ఏ రంగుకు ఆ రంగు మూటలు. ఆదోని వీధుల్లో ఇవి మోసుకొని తిరుగుతూ, పగిలిన ప్లాస్టిక్ బిందెలకూ బకెట్లకూ మాట్లు వేయడం అతని బతుకు. చీలిక మీద ముక్క పెట్టి, కాలిన కడ్డీతో రెంటినీ కరిగించి, చల్లారే లోపల వేలితో అదిమేస్తే మాటు. చెప్పడానికి ఇంతే.

హులిగెమ్మ తలకు గుడ్డ చుట్టుకుంటూ బయటికి వచ్చింది. పత్తి మిల్లులో చెత్త ఏరే పని ఆమెది. సాయంత్రానికి ఆమె రెప్పల మీద కూడా దూది పేరుకొని ఉంటుంది.

"ఈ పొద్దు నీళ్లొస్తాయి. ఇంటాండావా? బిందె ముందరే పోయి వరసలో పెట్టు. నాకు మిల్లు ఇడిసేసరికి పొద్దు గూకుతాది."

"పెడతాలే."

"పెడతాలే అని పోయినసారి మర్సిపోయినావు. పక్కింటోళ్లను అడుక్కొని తాగినాము."

"పెడతానంటి గదమ్మే."

ఆమె ఇంకేదో అనబోయి, అతను మళ్లీ దగ్గు అందుకోవడం చూసి ఆగిపోయింది. వీపు మీద చెయ్యి వేసి రాసి, మిల్లుకు వెళ్లిపోయింది.

ఎనభై ఆరు, ఎనభై ఏడు. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లవి. కొళాయికి నాలుగు రోజులకొకసారి నీళ్లొస్తే అదే పండగ. ఆ పేటలో అందరికీ కలిపి ఒకటే కొళాయి. దాని దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. వరస మనిషిది కాదు, బిందెది. పొద్దున్నే బిందె పెట్టి ఎవరి పనికి వాళ్లు పోవచ్చు. ముందు బిందె కదిలితే వెనక బిందెను ఎవరో ఒకరు కాలితో ముందుకు జరుపుతారు. తల్లీకూతుళ్లయినా జుట్లు పట్టుకునే ఆ కొళాయి దగ్గర బిందె వరసను మాత్రం ఎవరూ తప్పించేవాళ్లు కాదు. కానీ బిందె ఒకసారి పక్కకు తీస్తే వరస పోయినట్టే. మళ్లీ చివరికి పోవాల్సిందే.

ఉచ్చీరప్ప ఇంట్లో ఉన్నది ఒకటే బిందె. నీలంది. పన్నెండేళ్ల కింద ఎమ్మిగనూరు జాతరలో కొన్నాడు. అంతకు ముందు హులిగెమ్మ ఇత్తడి బిందె మోసేది. నిండు నెలల్లో ఆ బిందెతో గట్టు ఎక్కుతూ పడింది. బిడ్డ దక్కలేదు, ఆ తరవాత మరో బిడ్డా కలగలేదు. అప్పటినుంచి నడుము వంగిపోయింది. జాతరలో ప్లాస్టిక్ బిందెలు చూసినప్పుడు ఉచ్చీరప్పకు ఇంకేమీ కనబడలేదు. ఒక వేలితో ఎత్తి చూశాడు. గాలిలాగా ఉంది. ఇది మనకంటే ముందే పుట్టి ఉంటే ఎంత బాగుండునని బస్సు దిగేదాకా అనుకుంటూనే ఉన్నాడు. పేటలో అదే మొదటి ప్లాస్టిక్ బిందె. ఆడవాళ్లు వచ్చి ముట్టుకొని, వాసన చూసి, తట్టి చూసి పోయారు.

అప్పటికి అతను ఖాదర్ సాబు దగ్గర తిత్తి ఊదేవాడు. ఇత్తడి గిన్నెలకు తగరంతో కళాయి పూసే ఖాదర్ సాబు. ఇంటింటా స్టీలు గిన్నెలొచ్చి కళాయి అడిగేవాళ్లు తగ్గిపోతే, సాబు తిత్తి మడిచి అటక మీద పెట్టి, దాని కిందే పడుకొని కన్నుమూశాడు. ఏం చేయాలో తోచక ఉచ్చీరప్ప ఇంట్లో కూర్చున్న రోజుల్లోనే నీలం బిందె గచ్చు మీద పడి అడుగున చీలింది. హులిగెమ్మ ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది. అతను కడ్డీ కాల్చి, ఎర్ర సబ్బుపెట్టె మూతను కోసి, చీలిక మీద పెట్టి అదిమాడు. నిలిచింది. చుక్క కారలేదు. వారం తిరిగేసరికి పేటలో పగిలినవన్నీ అతని గడప ముందుకు వచ్చాయి. నీలం బిందెకు ఎర్ర మాటు చూసి నవ్వినవాళ్లే తమ బిందెలకు మాట్లు వేయించుకుపోయారు. ఆ సబ్బుపెట్టె అడుగు భాగం మాత్రం అతను ఎవరికీ వాడలేదు. అతని చెయ్యి తిరిగిన మొదటి ముక్క ఆ పెట్టెదే. సంచిలో అడుగున, విడిగా, ఒక గుడ్డలో చుట్టి ఉండేది.

అవి వేరే రోజులు. బట్టల కొట్లో ఇచ్చిన కవరును కడిగి, ఆరేసి, మడతపెట్టి పెట్టెలో దాచుకునే రోజులు. పట్టా కాగితాలు, దేవుడి విభూతి, పెళ్లి ఫోటో, అన్నీ అందులోనే. ఇప్పుడు ఉప్పుకు కవరు, పప్పుకు కవరు, పావలా కరివేపాకుకూ కవరు. కోటకొండ కింద కంపచెట్లకు ఆకుల కంటే అవే ఎక్కువ. మురికికాలువలు వాటితోనే బిగుసుకుపోతే, మునిసిపాలిటీని తిట్టుకుంటూ మరో కవరు తెచ్చి అందులోనే పడేస్తారు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు పెద్దలు.

దగ్గు మొదలై మూడేళ్లయింది. ధర్మాసుపత్రిలో డాక్టరు గొట్టం పెట్టి చూసి, పొగ మానెయ్యమన్నాడు. ఉచ్చీరప్ప ఆ రోజే బీడీకట్ట చింపి పారేశాడు. ఇరవై ఏళ్ల అలవాటు, ఒక్క రోజులో. మగాడంటే అట్ల ఉండాలని పేటంతా మెచ్చుకుంది. కడ్డీ కింద నుంచి లేచే పొగ కూడా పొగేనని ఎవరికీ తట్టలేదు.

"బిందెలకు, బకెట్లకు మాటేస్తామమ్మా... మాటూ..."

కేక సగంలో దగ్గులోకి జారిపోయింది. కోట వీధిలో ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. రమాబాయి ఇంటి ముందర మాత్రం అలవాటుగా ఆగాడు. రిటైరైన అయ్యవారు వెంకోబారావు భార్య ఆమె. మడి, ఆచారం. ఖాదర్ సాబు కాలం నుంచీ ఆ ఇల్లు తెలుసు. నీలం బిందె కొన్న కొత్తలో ఉచ్చీరప్ప గొప్పగా చెప్పుకుంటే ఆమె ముక్కు చిట్లించింది. "రాగిని అగ్గికి చూపిస్తే శుద్ధి అవుతుంది. మట్టికుండ మైలపడితే పగలగొడతాం, మన్నులో కలిసిపోతుంది. నీ బిందెకు అగ్గీ పనికిరాదు, మన్నూ పనికిరాదు. దానికి శుద్ధి ఎక్కడిదయ్యా?" అంది.

ఇప్పుడు ఆమె పెరట్లో బావి గట్టు నిండా ప్లాస్టిక్కే. శుద్ధి సంగతి ఆమె కూడా మరిచిపోయినట్టుంది. గోడ వారన పగిలిన బకెట్లూ మగ్గులూ కుప్పగా పడి ఉన్నాయి.

"రా, ఉచ్చీరప్పా. అవన్నీ నువ్వు తీసుకుపో. నీ ముక్కలకు పనికొస్తాయి."

అతను ఒక బకెట్ తిప్పి చూశాడు. అడుగున వెంట్రుకంత చీలిక.

"ఇది బాగుందమ్మా. ఒక్క మాటేస్తే ఇంగా రెండేండ్లు వస్తాది."

"ఎందుకయ్యా ఆ తంటా? మా మనవడు కొత్తవి తెచ్చినాడు. ప్లాస్టిక్కే గదా, పోతే పోనీ."

"లెక్కేం వద్దమ్మా. ఊరికే ఏసిస్తా."

రమాబాయి అతని కుంపటి వైపు, అతని ఛాతీ వైపు చూసింది. ఏదో అనబోయి మరేదో అంది. "వద్దులే. ఆ వాసన పూజగదిలోకి వస్తుంది."

అతను బకెట్‌ను కుప్ప మీద పెట్టలేదు. పక్కన, గోడకు ఆనించి, చీలిక కనబడకుండా నిలబెట్టి బయటికి వచ్చాడు. బాగయ్యేదాన్ని పారేస్తుంటే అతనికి ఎవరో తనను తిట్టినంత బాధ.

ఎండ నెత్తికెక్కింది. సినిమా హాలు గోడ నీడలో హనుమక్క బరువు దించుకొని కూర్చొని ఉంది. ఎమ్మిగనూరు నుంచి పొద్దున బస్సుకు వస్తుంది. నెత్తిన టబ్బులు, బిందెలు, జల్లెడలు ఒకదానిలో ఒకటి దూర్చి, ఆమె కంటే ఎత్తుగా. పాత సామాను ఇస్తే కొత్తది ఇస్తుంది. ఆమె వచ్చిన రోజున ఇతనికి పని ఉండదు. అయినా ఇద్దరికీ పడదని కాదు. ఎండలో తిరిగేవాళ్లకు ఎండలో తిరిగేవాళ్లే చుట్టాలు.

"కూసో అన్నా. నీళ్లు తాగు."

ఉచ్చీరప్ప తాగి, చెంబు వెనక్కిచ్చి, ఆమె పక్కనున్న పాత సామాను మూటలో చెయ్యి పెట్టి కదిపాడు. మాట్లు పడిన బకెట్లు, బిందెలు. చాలావాటి మీద ఉన్నది తన చేతి పనే.

"ఇవన్నీ ఏం సేస్తారు?"

"మా సావుకారి గోదాములో కరిగించి మళ్లీ పోస్తారన్నా. పోసేకొద్దీ పలసనైతాది. ఈ పొద్దు ఇచ్చింది వచ్చే జాతరకు ఉండదు. వాళ్లు మళ్లీ నాకే ఇస్తారు, నేను మళ్లీ ఇస్తా." హనుమక్క నవ్వి, నవ్వు ఆపేసింది. "సిగ్గుగానే ఉంటాదన్నా. కడుపుకు సిగ్గు తెలీదు గదా. నువ్వూ వస్తావా ఎమ్మిగనూరుకు? ఆడ మనుషులు కావాలంటాండారు. కూసోని కరిగించే పనే, తిరిగేది లేదు."

"కరిగించేది నాకొద్దు హనుమక్కా. అతికించేది ఒగటే నాకు తెలుసు."

"అతికించుకునేటోళ్లు యాడున్నారన్నా ఈ ఊర్లో?"

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కుంపటి ఎత్తుకొని లేచాడు.

తన పేట పక్కసందులోకి తిరిగేసరికి సుంకులమ్మ గడపలోంచి కేకేసింది. మార్కెట్ యార్డులో బేళ్లు మోసే హమాలీ భార్య. ఇంటి నిండా పిల్లలు. "మామా! దేవుడు పంపినట్ల వచ్చినావు. ఇది సూడు, నిన్ననే మెడ కింద గీతొచ్చింది. మాపటికి నీళ్లు పట్టల్ల."

చేతిలో కొత్త ఆకుపచ్చ బిందె. తళతళలాడుతోంది.

"నీ పసుపు బిందె యాడమ్మా?"

"దాని నిండా నీ మాట్లే గదా. హనుమక్కకు ఇచ్చి ఇది తీసుకుంటి."

ఉచ్చీరప్ప బిందె పక్కన బొటనవేలితో నొక్కాడు. లోపలికి పోయి, వేలు తీయగానే టప్పుమని బయటికి వచ్చింది. అప్పుడే తెలిసింది, ఇది మాటుకు నిలిచేది కాదని. ఆ మాట చెప్పి లేచిపోతే సరిపోయేది. కానీ పొద్దున్నుంచి అతన్ని పిలిచిన గడప అదొక్కటే. పైగా ఆ సందులో 'నాతో కాదు' అనే మాట అతని నోట ఎప్పుడూ రాలేదు. సంచి విప్పి ఆకుపచ్చ ముక్క వెదికాడు. కడ్డీని మామూలు కంటే తక్కువే కాల్చాడు. ముక్క పెట్టి, ఊపిరి బిగబట్టి, కడ్డీ ఆనించాడు.

ముక్క కరగలేదు. దాని కంటే ముందు బిందె కరిగింది. చీలిక నోరు తెరిచింది, అంచులు ముడుచుకొని వెనక్కి పోయాయి. అతను కడ్డీ తీసేసరికి అక్కడ రెండు వేళ్లు దూరేంత బొక్క. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వేళ్లతో అంచులు లాగి దగ్గరికి చేర్చబోయాడు. వేళ్లకు అంటుకొని తీగలు సాగింది.

"అయ్యయ్యో! సంపితివి గదా మామా! గీతంత ఉండేదాన్ని గుమ్మడికాయ పట్టేంత సేస్తివే!" సుంకులమ్మ నెత్తి కొట్టుకుంది. "నువ్వు మాటేసేటోనివా, బొక్కేసేటోనివా?"

సందులో జనం మూగారు. ఎవరో అన్నారు, "ఏంటికే అంత అరుపు? ప్లాస్టిక్కే గదా, ఇంగోటి తెచ్చుకో."

"తెచ్చుకుంటాలేప్పా. ఈ పొద్దు నీళ్లు నీ నోట్లో మోసకస్తావా?"

జనం నవ్వారు. ఉచ్చీరప్ప నవ్వలేదు, ఎవరి మొహమూ చూడలేదు. అవమానం అతనికి కొత్త కాదు, కానీ ఇన్నేళ్లలో అతని చేతిలో వస్తువు చెడిపోవడం కొత్త. "ఉండు, వస్తా," అని లేచాడు. ఇంటికి పోయి, ఇంకా వరసలో పెట్టకుండా మూలనే ఉన్న నీలం బిందె ఎత్తుకొని తిరిగి వచ్చి సుంకులమ్మ గడప మీద పెట్టాడు.

"ఇది అత్తది గదా?" అంది సుంకులమ్మ, గొంతు తగ్గించి.

"పెట్టుకో. నా చేత పోయిందానికి నేనే ఇయ్యాల."

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తరవాత బిందె లోపలికి తీసుకుంది. నీళ్లొచ్చే రోజున మొహమాటాలకు తావులేదు. తిట్టేటప్పుడు ఉన్న గొంతు ఇప్పుడు లేదు. అదీ ఆమె మర్యాదే అనుకోవాలి.

బొక్కపడిన ఆకుపచ్చ బిందెతో ఉచ్చీరప్ప నేరుగా కొళాయి దగ్గరికి వచ్చాడు. అప్పటికే వరస సందు మలుపు దాకా ఉంది. బొక్క గోడవైపు తిప్పి, చివరి బిందె వెనక దాన్ని పెట్టాడు. బొక్కబిందె పెట్టకూడదని కట్టుబాటులో లేదు. పక్కనే కుంపటి దించుకొని కూర్చున్నాడు. ఇక దాన్ని కదిలించడానికి లేదు. అక్కడే, వరసలోనే, నీళ్లొచ్చే లోపల ఈ బొక్క మూసుకోవాలి. మూసుకోకపోతే నాలుగు రోజులు ఇంట్లో నీళ్లుండవు. అంతకంటే ముందు, మిల్లు నుంచి వచ్చే హులిగెమ్మకు ఏమని చెప్పాలి? బిడ్డను పోగొట్టిన ఇత్తడి బిందె స్థానంలో తెచ్చిన నీలం బిందె అది. అది లేదు, ఇది పనికిరాదు అని ఆ నడుము వంగిన మనిషికి ఏ నోటితో చెప్పాలి?

చాలాసేపు బిందెను చూస్తూ కూర్చున్నాడు. కడ్డీ తగిలితే కరుగుతుంది. అంటే కడ్డీ దీనికి తగలకూడదు. ఖాదర్ సాబు తిట్లు గుర్తొచ్చాయి. తిత్తి జోరుగా ఊదితే, "పాత్రను వేడి చెయ్యరా, కాల్చొద్దు" అనేవాడు. సంచి అడుగుకు చెయ్యి పోనిచ్చి ఆ గుడ్డ మూట తీశాడు. ఎర్ర సబ్బుపెట్టె అడుగు. గట్టి సరుకు, వెనకటి సరుకు. దాన్ని రెండు బిళ్లలుగా కోశాడు, బొక్క కంటే పెద్దవిగా. ఒకటి లోపలినుంచి, ఒకటి బయటినుంచి. నడుమ బిందె ఉంటుంది, కానీ దాన్ని ముట్టేది లేదు. బొక్కలోంచి ఎరుపును ఎరుపుకే అతికించాలి.

మాట తేలికే. బిందె మెడలోంచి చెయ్యి దూర్చి లోపలి బిళ్ల పట్టుకోవాలి. బయటి బిళ్లను నిప్పు మీద మెత్తబడేదాకా చూపించి, తెచ్చి, అదమాలి. లోపల ఏం జరుగుతోందో చూడాలంటే మొహం బిందె మూతికి ఆనించాలి. పొగంతా అక్కడే. ఎరుపు కాలితే లేచే పొగ నల్లగా, తియ్యగా, గొంతులో గుచ్చుకునేట్టు ఉంటుంది.

"మామా, పొగ!" అని ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకొని దూరం జరిగారు. బిందెలు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఒకసారి అతికి ఊడింది. మళ్లీ చేశాడు. దగ్గు వస్తే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే మాటు చెడుతుంది. అందుకని దగ్గును లోపలే అదిమిపెట్టాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. నుదుటి నరాలు పొంగాయి. బిళ్ల అంచులు వేడి మీద ఉండగానే చుట్టూ బొటనవేలితో ఒత్తుకుంటూ పోయాడు, పిండిముద్ద అంచులు ఒత్తినట్టు. చర్మం కాలిన వాసన వచ్చింది. ఈసారి అతను చూసుకోలేదు.

పొద్దు వాలింది. వరసలో ఒకామెను అడిగి తీసుకున్న గుక్కెడు నీళ్లు మాటు లోపలివైపు పోసి, బిందెను వంచి చూశాడు. కారలేదు. ఇంకో పక్కకు వంచాడు. కారలేదు. బిందెను నిటారుగా పెట్టి, ఎర్ర మాటు అందరికీ కనబడేలా రోడ్డువైపు తిప్పాడు. తిప్పి, గోడకు ఆనుకొని, కాళ్లు బారజాపాడు. ఇప్పుడు దగ్గొచ్చు అనుకున్నాడు. ఎందుకో దగ్గు రాలేదు. ఛాతీ మీద ఎవరో పత్తిబేలు పెట్టినట్టు ఉంది. కాసేపు ఊరుకుంటే తగ్గుతుందిలే అనుకొని కళ్లు మూసుకున్నాడు.

కొళాయి గొంతులో గాలి సుయ్యిమంది. తరవాత ఎర్రటి నీళ్లు, ఆ తరవాత తేట నీళ్లు. సందంతా ఒక్కసారిగా లేచింది. అరుపులు, తోపులాటలు. బిందెలు కదిలాయి. ఎవరో ఆకుపచ్చ బిందెను కాలితో ముందుకు జరిపారు. తరవాత ఇంకొకరు జరిపారు. గోడకు ఆనుకున్న మనిషిని ఎవరూ కదిలించలేదు. వరస బిందెది, మనిషిది కాదు.

హులిగెమ్మ రెప్పల మీద దూదితో పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆ బిందె కొళాయి దగ్గరికి చేరుతోంది. నీలం బిందె కోసం వెదికింది. కనబడలేదు. పక్కనున్న ఆమె, "నీది ఇదే గదక్కా, మామ మద్దేనం నుంచి దీని కాడనే ఉండాడు," అని ఆకుపచ్చ బిందె చూపించింది. హులిగెమ్మకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే సమయమూ లేదు, వెనకనుంచి అరుస్తున్నారు. బిందె ధార కింద పెట్టి, గోడవైపు తిరిగి గొంతు పెంచింది.

"ఏంది ఇది? మన బిందె యాడ పెట్టినావు? ఎవరి బిందె ఎత్తుకొస్తివి? ఇంత రచ్చలో ఎట్ల నిద్దర పడతాది నీకు?"

నీళ్లు మాటు దాకా వచ్చాయి. మాటు దాటి పైకి పోయాయి. ఆమె వంగి చూసింది. ఎరుపు చుట్టూ చెయ్యి పెట్టి తడిమింది. పొడిగా ఉంది. ఒక్క చుక్క కారలేదు. ఆ ఎరుపు ఎక్కడిదో ఆమెకు తెలుసు. గొంతు తగ్గింది.

"బాగనే ఏసినావులే," అంది. "లెయ్, పట్టు. నిండుబిందె నేనొక్కదాన్నే ఎట్ల ఎత్తుకుందు?"

అతను లేవలేదు. ఆమె వెళ్లి భుజం పట్టుకుంది. కాలిన చెయ్యి ఒళ్లోంచి జారి నేల మీద పడింది. హులిగెమ్మ అక్కడే కూలబడింది. వెనక బిందెవాళ్లు ఒక్క నిమిషం ఆగారు. తరవాత ఎవరో కొళాయి కింద తమ బిందె పెట్టారు. ఏం చేస్తారు, నీళ్లు ఆగవు కదా.

మర్నాడు పొద్దున అతనికి స్నానం చేయించింది ఆ బిందెడు నీళ్లతోనే. నాలుగు రోజులు సాగాల్సిన నీళ్లు వేరే ఏ ఇల్లు ఇస్తుంది గనక? పాడె వెంట ఆ బిందెను కూడా తీసుకుపోయారు. శవానికి నీళ్లు మోసిన పాత్ర మళ్లీ ఆ గడప తొక్కకూడదు. గుంత పూడ్చాక పేట పెద్ద బజారప్ప ఆనవాయితీ ప్రకారం బిందెను భుజం మీదికెత్తి, వెనక్కి తిరగకుండా నేలకు వేసి కొట్టాడు. అది పగలలేదు. ఎగిరి పడి, దొర్లుకుంటూ వచ్చి అతని కాళ్ల దగ్గరే ఆగింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎగిరింది. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"రాగిదైతే అగ్గికి సూపించి తీసకపోతాం. దీనికి అగ్గి సూపిస్తే ఏముంటాది?" అన్నాడు ఒకతను.

బజారప్పకు ఏం చేయాలో తోచలేదు. ఆయన పెద్దరికంలో ఇలాంటి పాత్ర ఇంతకు ముందు ఎదురు కాలేదు. "ఇంట్లోకి తీసకపోదామా? ఒగటే బిందె పాపం," అని ఇంకెవరో గొణిగారు. బజారప్ప కోపంగా తల అడ్డంగా తిప్పి, బిందెను కంపచెట్టు కిందికి విసిరేశాడు. "ఈడ్నే ఉండనీలేప్పా. ప్లాస్టిక్కే గదా," అని చేతులు దులుపుకున్నాడు.

తరవాతి నీళ్ల రోజున హులిగెమ్మ వరసలో ఒక రాయి పెట్టింది. నీళ్లు పట్టుకోవడానికి ఒక సత్తుగిన్నె తెచ్చింది. కర్మలు అయ్యాక, నీలం బిందె అక్కడుందని విని, ఓపిక తెచ్చుకొని, సుంకులమ్మ గడప దగ్గరికి వెళ్లి నిలబడింది. అడగడానికి నోరు రాలేదు. సుంకులమ్మకు అడగకుండానే అర్థమైంది. తల వంచుకుంది.

"హనుమక్క వచ్చింది అత్తా మొన్న... కొత్త బిందె కొనుక్కుంటి, ఇది పాతది గదా, మాటు పడింది గదా అని... దానికి రెండు మగ్గులిచ్చింది. నాకు తట్టలేదత్తా. కావాలంటే ఒగ మగ్గు తీసుకో."

హులిగెమ్మ తిట్టలేదు. తిట్టడానికి కూడా కొంత బలం కావాలి.

ఆషాఢం చివర ఒక్క వాన పడింది. ఊరంతా మురికికాలువలు పొంగి ఇళ్లలోకి వచ్చాయి. మర్నాడు మిల్లుకు పోవాల్సిన హులిగెమ్మ మిల్లుకు పోలేదు. ఎవరికీ చెప్పకుండా ఊరి బయటికి నడిచింది. కట్టుబాటు తప్పయినా సరే, ఆ బిందె తెచ్చుకుందామని మనసులో ఉంది.

మన్ను అణిగిపోయి గుంత ఆనవాలు చెదిరింది. బిందె మాత్రం కంపచెట్టు కింద, కొమ్మల నడుమ మూతి పైకి ఇరుక్కొని ఉన్నచోటే ఉంది, రంగు కొంచెం వెలిసి. కొమ్మల వెంట కారిన వాననీళ్లు మెడ దాకా నిండి ఉన్నాయి. లోపలి నీళ్లు ఎర్ర మాటును దాటి పైదాకా ఉన్నాయి. ఆమె కూర్చొని బయటివైపు మాటు మీద బొటనవేలు పెట్టి ఒత్తింది. చుట్టూ తడిమింది. పొడిగా ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు. మనిషి పోయిన రోజు కూడా అంత రాలేదు.

రెండు చేతులతో బిందె ఎత్తి, నీళ్లన్నీ మెల్లగా మట్టి మీద పోసింది. మట్టి గుటగుట తాగేసింది. ఖాళీ బిందెను చంకన పెట్టుకొని నాలుగడుగులు నడిచింది. ఆగింది. సచ్చినోడి నీళ్ల బిందె ఇంట్లోకి వస్తే పేటలో ఒక్కరూ తన బిందెను తాకరు, వరసలో ముందుకు జరపరు. ఒంటరి ఆడదానికి ఉన్న బలం ఆ వరసే. వెనక్కి వచ్చింది.

బిందెను మళ్లీ కంపచెట్టు కింద దించి, ఒరిగిపోకుండా రెండు రాళ్లు ఆనించి, కొంగుతో మూతి తుడిచి వెళ్లిపోయింది. ఎర్ర మాటు దారివైపు తిరిగి, మూతి పైకి పెట్టుకొని, కొళాయి దగ్గర వరసలో పెట్టినట్టే ఉంది బిందె.